ఖాదర్ వలీ వఫ్రా లైను కోరుకున్న ఉదయం

షుఐబా లైను రద్దయిందని కబురొచ్చిన మరుసటి ఉదయం కువైట్‌లోని మా సబ్హాన్ యార్డులో ఎవరూ బస్సులెక్కలేదు. డ్రైవర్లంతా టీ గ్లాసులు పట్టుకుని టైర్ల షెడ్డు ముందు నిలబడ్డారు. డ్యూటీలు వేసేవాణ్ని కాబట్టి నేను వాళ్లకు ఎదురుగా నిలబడ్డాను. అందరి చూపూ ఖాదర్ వలీ మీదే ఉంది. రద్దయిన లైను ఆయనది.

ఖాదర్ వలీ రాయచోటి మనిషి, మా యార్డులో అందరికన్నా పాత డ్రైవరు. లైను అంటే మా మాటల్లో ఒక క్యాంపు నుంచి కూలీలను పనిచోటికి చేర్చి, సాయంత్రం వెనక్కి తెచ్చే రోజువారీ డ్యూటీ. ఎవరి లైనైనా రద్దయితే, ఆ డ్రైవరు తనకంటే వెనక చేరిన ఎవరి లైనునైనా కోరుకోవచ్చు. అతను పేరు చెబితే చాలు, ఆ లైనువాడు దిగిపోవాలి. దిగినవాడు మళ్లీ తన వెనకవాణ్ని దింపుతాడు. అట్లా దింపుకుంటూ పోతే చివరివాడు స్పేరులో పడతాడు. స్పేరు అంటే సొంత లైను లేకుండా, ఎవరైనా రాని రోజు వాళ్ల బదులు నడపడానికి యార్డులో కూర్చోవడం. కంపెనీ మనుషుల్ని తగ్గించదలిస్తే మొదట చూసేది స్పేరు బెంచీనే.

అందుకే ఆ ఉదయం గ్లాసుల్లో టీ అట్లాగే ఉంది. ఖాదర్ వలీ ఎవరినైనా దింపగలడు.

"ఏం ఖాదరన్నా, ఎవురి కొంప ముంచుతావో బిన్నా చెప్పు. టీ సల్లారిపోతాంది," అన్నాడు బాలిరెడ్డి. పులివెందుల వైపు మనిషి, వరసలో ఖాదర్ వలీ తర్వాతివాడు, డ్రైవర్ల కమిటీకి పెద్ద.

ఖాదర్ వలీ గడ్డం నిమురుకున్నాడు. "నాకు ఎవురి కొంపా వద్దప్పా. ఎవురికీ అక్కరలేని లైను ఒకటుండాది కదా, వఫ్రా. అది నా పేరున రాయి సారూ."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. వఫ్రా అంటే సౌదీ సరిహద్దు దగ్గరి తోటలు, ఇసుక, దుమ్ము. బస్సు చెడిపోతే సాయం దొరకని దారి. మేము పనిష్మెంటుగా చెప్పుకునే లైను అది. నడిపేది వరస అడుగునున్నవాడు కాబట్టి పైవాళ్లెవరూ దిగనక్కర్లేదు. తర్వాత అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఎవరో బస్సు బానెట్ మీద దరువేశారు.

"ఆ ఎండకు నీ గడ్డం మాడి పొగొస్తాదన్నా!"

"రానీలేప్పా. హెన్నా ఖర్చు తగ్గుతాది."

అందరూ నవ్వారు. అప్పటిదాకా వఫ్రా లైను నడుపుతున్నవాడు గంగులప్ప. లక్కిరెడ్డిపల్లె మనిషి. పక్కనున్నవాడు అతని భుజం తట్టి, "బతికిపోయినావురా గంగులూ! ఇంక ఊర్లో లైను తగులుతాది, సుఖపడు," అన్నాడు. గంగులప్ప చప్పట్లు కొట్టలేదు. నవ్వలేదు కూడా. నేను చూశాను గానీ, ఎండలో తిరిగి తిరిగి ఆ మనిషి మొహమే అంత అనుకున్నాను.

అతని భార్య లక్ష్మీదేవి వఫ్రాలో ఒక తోట ఇంట్లో పనిమనిషి. ఆ లైను ఉంటేనే అతనికి భార్య కనపడుతుంది. లైను పోతే లేదు. ఆ సంగతి ఆ యార్డులో అతనికొక్కడికే తెలుసు.

వరస ఎట్లా పుట్టింది

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. డ్యూటీలు వేయడం అంటే బస్సుల్నీ టైముల్నీ సర్దడం అనుకుని వస్తారు. అది నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టదు. అసలు పని, ఒక మనిషిని లేపి ఇంకో మనిషిని కూర్చోబెట్టడం. అది నాకు చివరిదాకా అలవాటు కాలేదు.

నేను బస్సుల మనిషిని కాను. కడపలో ఒక దినపత్రికకు విలేఖరిగా చేసి, అక్కడ బతుకు గడవక కువైట్ వచ్చాను. అందుకే డ్రైవర్లు నన్ను పేపర్ సార్ అనేవాళ్లు. పత్రికలో మా సబ్ ఎడిటరు ఒకాయన, "ఏ నిర్ణయం గురించి రాసినా దానివల్ల దెబ్బతిన్నది ఎవరో కనుక్కో. మిగతాది ప్రెస్ నోటులో ఉంటుంది," అనేవాడు. సబ్హాన్‌లో నాకు పనికొచ్చిన చదువు అదొక్కటే.

నేను చేరేనాటికే ఈ సీనియారిటీ వరస ఉంది. దాన్ని తెచ్చినవాడు రామానుజులు అనే మాజీ రైల్వే గార్డు. స్వచ్ఛంద విరమణ తీసుకుని మా కంపెనీకి సూపర్‌వైజరుగా వచ్చాడు. రైల్వేలో ముందు చేరినవాడికి ముందు హక్కు. సొంత కోరిక మీద బదిలీ అయినవాడు ఎంత పాతవాడైనా కొత్తచోట అడుగుకు పోతాడు. వేరే దేశాల్లో రైలు యూనియన్లు ఇంకా ముందుకుపోయి, బండి రద్దయితే సీనియరు జూనియర్ను దింపే హక్కును ఒప్పందాల్లో రాయించుకున్నాయని ఆయన చెప్పేవాడు. అంతకుముందు మా యార్డులో మంచి లైన్లు ముదీర్‌కు, అంటే మేనేజరుకు, ఇష్టమైనవాళ్లకు పోయేవి. లేదా డ్రైవర్లలో డ్రైవర్లే లోపాయికారీగా అమ్ముకునేవాళ్లు. రామానుజులు రైలు పద్ధతిని బస్సులకు తొడిగాడు.

మాది యూనియన్ కాదు. కువైట్‌లో యూనియన్లు ఉన్నా, మాబోటి పైదేశాలవాళ్లకు నాయకుణ్ని ఎన్నుకునే హక్కు లేదు. అందుకని మాది రిజిస్టరు కాని కమిటీ. శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక క్యాంపు మెట్ల మీద కూర్చునేది. అప్పటి ముదీర్ ఒక లెబనాన్ పెద్దమనిషి. ఆయన దీనికి సులువుగా ఒప్పుకున్నాడు. "నేను ఎంచితే నన్ను తిడతారు. తారీఖు ఎంచితే తారీఖును తిట్టుకుంటారు," అన్నాడట. నేను చూసిన పై అధికారుల్లో తన పనిని అంత నిజంగా అర్థం చేసుకున్నవాడు ఇంకొకడు లేడు.

నియమాలు కొన్నే. వరస లెక్క చివరి ఇఖామా, అంటే కువైట్‌లో ఉండి పనిచేసే అనుమతి, తారీఖు నుంచి. ఇఖామా రద్దయి కొత్త వీసా మీద వస్తే అడుగునుంచి మొదలు. లైను కోరుకునేవాడు అందరి ముందూ నోటితో చెప్పాలి. చెప్పాక మార్పిళ్లు లేవు, ఇద్దరికీ ఇష్టమైనా సరే. మాట వెనక్కి తీసుకుంటే తీసుకోవచ్చు, కానీ ఎన్నేళ్ల సర్వీసున్నా అడుగుకు పోవాలి. అమ్మకాలు ఆపడానికి పెట్టిన నియమం అది. మార్పిడికి ఒప్పుకుంటే దాని వెనక డబ్బు ఉందో లేదో ఎవరు చూడొచ్చారు?

ఒకే విమానంలో వచ్చిన ఇద్దరు

వరసలో న్యాయం ఎంతో మొదట నాకు తెలిపినవాళ్లు ఇద్దరు కుర్ర డ్రైవర్లు. ఒకే ఏజెంటు, ఒకే విమానం, ఇఖామాలో ఒకే తారీఖు. ఎవరు సీనియరో తేలాలి.

"నా సీటు ముందర సార్. నేనే ముందు దిగినా," అన్నాడు ఒకడు.

"దిగితే ఏం? పాస్‌పోర్టు మీద ముద్ర నాకు ముందు పడింది."

"వాని మొగం జూసి జాలిపడి ముందు కొట్టినారు సార్!"

యార్డంతా వారం రోజులు ఇదే వినోదం. చివరికి రామానుజులు, ఎవరు ముందు బస్సు గేటు దాటించారో వాడే సీనియరని తేల్చాడు. మొదటి ఉదయం ఒకడికి కడుపు చెడి మధ్యాహ్నం దాకా మంచం దిగలేదు. అట్లా వాడు జూనియరయ్యాడు. అప్పుడు వాడు కూడా నవ్వాడు. కొంతకాలానికి మనుషుల్ని తగ్గించినప్పుడు గీత సరిగ్గా వాళ్లిద్దరి మధ్య పడింది. ఒకడు ఇంటికి పోయాడు, ఇంకొకడు ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఇద్దరిలో బాగా నడిపేవాడు ఇంటికి పోయినవాడే.

అయినా నేను వరసను తిట్టను. వరస లేని యార్డులు చూశాను. అక్కడ ముదీర్‌కు టీ తెచ్చి పెట్టేవాడు మిగులుతాడు. వరస ఉన్నచోట కనీసం ఎవడి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. దానివల్ల కలిగే మంచి అంతే. మంచి డ్రైవరునూ అది కాపాడదు, కష్టంలో ఉన్నవాణ్నీ కాపాడదు. ఎవరి కష్టం ఏమిటని అడగనందువల్లే అది అందరికీ సమానంగా పనిచేస్తుంది.

చెడ్డ లైను సుఖం

గంగులప్ప నిజానికి పాతవాడే. బాలిరెడ్డి వచ్చిన కాలంలోనే వచ్చాడు. సెలవుకు ఇంటికి పోయినప్పుడు మోటారుసైకిలు మీద నుంచి పడి కాలు విరిగింది. పుత్తూరు కట్టు కట్టించుకుని మంచాన ఉండగానే ఆరు నెలలు దాటాయి. అన్నాళ్లు దేశం బయట ఉంటే ఇఖామా చెల్లదు. కొత్త వీసా మీద తిరిగొచ్చాడు. అప్పటిదాకా చేసిన సర్వీసు మొత్తం పోయింది, స్పేరు బెంచీ మీద కొత్తవాళ్ల పక్కన కూర్చున్నాడు.

ఆ ఖర్చులు తట్టుకోలేకే లక్ష్మీదేవి కూడా ఇంటిపని వీసా మీద కువైట్ వచ్చింది. ఏజెంటు ఆమెను వఫ్రాలో వేశాడు. తర్వాత కొన్నాళ్లకు వఫ్రా లైను ఖాళీ అయితే పైనుంచి అందరూ వద్దన్నారు. గంగులప్ప కావాలన్నాడు. అడుగునున్నవాడికి ఇంకేం దిక్కని అందరం అనుకున్నాం.

కొత్తగా చేరే డ్రైవర్లకు నేను అతన్నే చూపించేవాణ్ని. "చెడ్డ లైను పట్టుకోండి. దాన్ని ఎవరూ కోరుకోరు కాబట్టి మిమ్మల్ని ఎవరూ దింపరు," అని. లెక్క ప్రకారం అది సరైన సలహానే. అంత చెడ్డ లైనును కూడా మంచితనంతో కోరుకునేవాడు ఉంటాడని ఏ లెక్కలో ఉంటుంది?

ఆ తోట ఇంటి గేటు బయట, రోడ్డు పక్కన చెత్త డబ్బా ఉండేది. కూలీలను దింపి వచ్చే బస్సు అక్కడ ఆగేది. గంగులప్ప దిగి టైర్లు తన్ని చూసేవాడు. లక్ష్మీదేవి చెత్త సంచి పట్టుకుని బయటికొచ్చేది. ఆమె సంచి వేసి లోపలికి పోయేంతసేపు ఇద్దరూ డబ్బాకు చెరొకవైపు నిలబడి మాట్లాడుకునేవాళ్లు. ఒక్కోరోజు చిన్న సీసాలో ఊరుబిండి పచ్చడి తెచ్చి ఇచ్చేది. సాయంత్రం కూలీలతో తిరిగివచ్చేటప్పుడు కూడా ఒక్కోసారి కుదిరేది. అప్పుడు బస్సులోని నేపాలీలు, బంగ్లాదేశీలు, మనవాళ్లు అందరూ రెండోవైపు కిటికీల్లోంచి ఇసుక చూసేవాళ్లట. అటు తిరగమని ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

ఆమె పనిచేసే ఇంట్లో, బయటి మగవాళ్లతో మాట ఉండకూడదని షరతు. మొగుడు ఇండియాలో ఆవులు మేపుకుంటున్నాడని మామాకు, అంటే ఇంటి యజమానురాలికి, ఏజెంటు చెప్పాడు. మొగుడు బస్సు డ్రైవరై రోజూ గేటు ముందు ఆగుతున్నాడని తెలిస్తే ఆమెను ఉంచరు. దారిలో సొంతపనికి బస్సు ఆపాడని తెలిస్తే మా కంపెనీ ఇతన్నీ ఉంచదు. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఈ రాతలో అందరి పేర్లూ మార్చాను.

చెప్పిన మాట

ఖాదర్ వలీ వఫ్రా కోరుకున్న రోజు మధ్యాహ్నం గంగులప్ప నా క్యాబిన్‌కు వచ్చాడు.

"సారూ, నాకు ఆ లైనే కావాల."

"వఫ్రానా? నీ వెనకవాణ్ని దింపితే గోడౌన్ల లైను వస్తాంది కదయ్యా నీకు. దూరం లేదు, దుమ్ము లేదు."

"గోడౌన్లు వద్దు సార్."

"ఎందుకు?"

అతను తలుపు వైపు చూశాడు. పోయి గడియ వేసి వచ్చాడు. "లక్ష్మీదేవి ఆడుంది," అన్నాడు.

అంతా విన్నాక, అతన్ని అడిగి, ఖాదర్ వలీని ఒక్కణ్నే పిలిపించాను. సంగతి తెలిశాక ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"యా అల్లా! మొగుడూ పెండ్లాం మధ్యన పోయి కూర్చుంటినే! చెప్పకపోతివే గంగులూ, యార్డులోనే ఒక కేక పెట్టకపోతివే."

"అంతమందిలో ఏమని కేకేసేది అన్నా?"

"నేను పోయి వద్దంటా. ఇప్పుడే."

"వద్దంటే నువ్వు అడుగుకు పోతావు," అన్నాను. ఆయనకు అరవై దాటింది. ఆ వయసులో ఇఖామా రెన్యువల్ అంటేనే కంపెనీలు మొహం తిప్పుకుంటాయి. స్పేరు బెంచీ మీద కనపడ్డాడంటే ఇక అంతే. గంగులప్ప అడ్డంగా తలూపాడు. "నా కోసరం నువ్వు అడుగుకు పోవద్దన్నా. నీకు పెండ్లికి ఎదిగిన మనవరాండ్లు ఉండారు. మార్పిడి అడుగుదాం. ఇద్దరం ఒప్పుకుంటే కాదంటారా?"

శుక్రవారం క్యాంపు మెట్ల మీద ఖాదర్ వలీ అడిగాడు.

"కారణం చెప్పన్నా," అన్నాడు బాలిరెడ్డి.

"ఒళ్లు బాగలేదప్పా. అంత దూరం నావల్ల కాదు."

"మొన్న పొద్దున బాగుండె కదా? గడ్డం గూడా మాడ్చుకుంటానంటివి."

ఎవరో నవ్వారు. ఖాదర్ వలీ నవ్వలేదు.

"అన్నా, నీమీద నాకు అనుమానం లేదు," అన్నాడు బాలిరెడ్డి, ఈసారి గొంతు తగ్గించి. "నీకు ఒప్పుకుంటే రేపు ఇంకొకడొచ్చి నాకూ ఒళ్లు బాగలేదంటాడు. మళ్ల సంతలో ఎనుముల్ని అమ్మినట్ల లైన్లు అమ్ముతారు. ఆ దినాలు నువ్వు సూడలేదా?"

తర్వాత నేను బాలిరెడ్డిని విడిగా కలిశాను. కారణం గట్టిదనీ, బయట పెట్టేది కాదనీ చెప్పాను.

"పేపర్ సారూ, మీ పేపర్లో విశ్వసనీయ వర్గాల సమాచారం అని రాసేవాల్లే, అట్లుండాది నీ మాట. కమిటీలో అది చెల్లదు. నాకొక్కనికి చెప్పి నేనొక్కన్నే ఒప్పుకుంటే, నాకూ ఆ పాత ముదీర్లకూ తేడా ఏముంది?"

నేను లేచి వచ్చేశాను. అతను తప్పు మాట్లాడలేదు. నా ఉద్యోగం మొత్తంలో నాకు ఎక్కువ చేటు చేసినవి దొంగ మాటలు కావు, ఇట్లాంటి సరైన మాటలే.

ఆవులు

ఖాదర్ వలీ వఫ్రాకు నడిపాడు. మొదటి రోజు డబ్బా దగ్గర బస్సు ఆపాడు. లక్ష్మీదేవి సంచితో వచ్చి, దిగింది వేరే మనిషని చూసి ఆగిపోయింది.

"అమ్మా, నన్ను గంగులప్ప పంపినాడు," అన్నాడు ఆయన.

అది నమ్మడానికి ఆమెకు ఆధారం లేదు. ఆ ఇంటివాళ్లు పరీక్షిస్తున్నారని అనుకుందో ఏమో, సంచి డబ్బాలో కూడా వేయకుండా అక్కడే వదిలి లోపలికి పరుగెత్తింది. తర్వాత చెత్త వేయడానికి వేరే ఆమె రావడం మొదలుపెట్టింది.

ఫోన్ ఉంది కదా అంటారు. లక్ష్మీదేవి ఫోన్ మామా దగ్గరుండేది. శుక్రవారం మధ్యాహ్నం ఇచ్చి, మాట్లాడేటప్పుడు అదే గదిలో కూర్చునేది. మామాకు తెలుగు రాదు గానీ, ఇంకో పనిమనిషి గోదావరి ఆమె, మామాకు నమ్మకస్తురాలు, అక్కడే ఉండేది. కాబట్టి మొగుడు ఇండియాలో ఉన్నట్టే మాట్లాడాలి. ఒక శుక్రవారం నేను గంగులప్ప గదిలో ఉండగా ఆ ఫోన్ వచ్చింది.

"ఆవులు బాగుండాయా?" అని వినపడింది.

"బాగుండాయి. ఎర్రావు ఈనింది."

"యాడ తిప్పుతాండావు ఇప్పుడు?"

"ఇంటికాడనే. ఆ దూరం గుట్టకాడికి పోనీరు ఇప్పుడు. వేరేవాల్లు తోలుకుపోతాండారు."

గంగులప్ప ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"నువ్వు అడగల్యా వాల్లను?"

"అడిగినా. ఒప్పుకోల్యా."

గంగులప్పకు ఆవులు లేవు, ఎప్పుడూ లేవు. మంచం మీద కూర్చుని, ఎదుటి గోడను చూస్తూ ఆ మాటలు చెప్పాడు. ఆమెకు అర్థమైందని నా నమ్మకం.

ఆ ఎండాకాలమంతా అట్లాగే గడిచింది. గోడౌన్ల లైను నిజంగా మంచిది. గంగులప్ప తొందరగా క్యాంపుకు వచ్చేవాడు, నీడన కూర్చునేవాడు. "నక్కను తొక్కినావురా" అని తోటివాళ్లు అనేవాళ్లు. వాళ్లకు ఏమని చెబుతాడు?

తర్వాత శుక్రవారం ఫోన్ రావడం ఆగింది. మొదటిసారి మామావాళ్లు ఊళ్లో లేరేమో అనుకున్నాడు. రెండోసారీ రాకపోయేసరికి అన్నం మానేశాడు. ఖాదర్ వలీ రోజూ ఆ గేటు మీదుగానే పోయేవాడు. బస్సు నిదానం చేసి చూసేవాడు. లోపల దీపాలు, బట్టలు, పిల్లలు, అన్నీ ఉన్నాయి, ఆమె మాత్రం కనపడలేదు. దిగి అడగడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. వయసు మళ్లిన పరాయి మగవాడు పనిమనిషి గురించి అడిగితే ఆమెకే చేటు.

ఆ వారం మెట్ల మీద కమిటీ కూర్చున్నప్పుడు ఆయన లేచి నిలబడ్డాడు. నాకుగానీ గంగులప్పకుగానీ ముందుగా చెప్పలేదు.

"వఫ్రా నాకొద్దు. మాట ఎనక్కి తీసుకుంటాండా. అడుగుకే పోతా. రాసుకోండి."

"అన్నా, ఏమన్నా తిక్క పట్టిందా నీకు?" బాలిరెడ్డి లేచి నిలబడ్డాడు. "ఇఖామా రెన్యువల్ ముందర పెట్టుకోని అడుగుకు పోతావా? ఇంకోసారి ఆలోచించుకో. అందరం విననట్లే ఉంటాం. ఏమప్పా?"

ఆ రోజు బాలిరెడ్డి తన నియమాన్ని తానే పక్కన పెట్టడానికి సిద్ధపడ్డాడు. అది నేను కళ్లారా చూశాను, అందుకే రాస్తున్నాను. ఖాదర్ వలీ ఒప్పుకోలేదు.

"మీరు ఇన్యారు. నేను చెప్పినా. ఖలాస్."

ఖాళీ అయిన వఫ్రా లైనుకు వరస పైనుంచి ఒక్కొక్కరి పేరూ పిలిచాను. బాలిరెడ్డి వద్దన్నాడు. అతని తర్వాతివాళ్లూ వరసగా వద్దన్నారు. ఈసారి కొందరు గంగులప్ప వైపు చూస్తూ వద్దన్నారు. అసలు సంగతి తెలియకపోయినా, ఏదో ఉందని వాళ్లకు అందింది. అతని పేరు వచ్చింది. "కావాల," అన్నాడు.

డబ్బా దగ్గర

మొదటి ఉదయం గంగులప్ప బస్సు ఆపి టైర్లు చూస్తున్నట్టు నిలబడ్డాడు. గోదావరి ఆమె సంచితో వచ్చింది.

"లక్ష్మీదేవి లేదామ్మా?" అని అడిగాడు.

"లేదండి. జహ్రాకి పంపేశారు కదండి. మామా కూతురికి పురుడొచ్చిందండి. ఆ బిడ్డని చూసుకోడానికి ఆవిణ్ని ఉంచేసుకున్నారండి."

"మళ్ల ఎప్పుడొస్తాది?"

"ఇంకేం వస్తుందండి? అక్కడే ఉండిపోమన్నారంట. ఆ ఇంట్లో ఫోన్ కూడా ఇవ్వరంటండి, కొత్త కదా. ఇంతకీ మీరేవవుతారండి ఆవిడకి?"

"ఏమీ కాను. మా ఊరి పక్క," అన్నాడు గంగులప్ప.

ఖాదర్ వలీ మాట వెనక్కి తీసుకోవడానికి ముందే ఆమెను కువైట్‌కు ఇంకో చివరనున్న జహ్రాకు పంపేశారు. ఫోన్ ఆగింది అందుకే.

ఈ సంగతి ఖాదర్ వలీకి చెప్పవద్దని గంగులప్ప నన్ను బతిమాలాడు. చెప్పకుండా ఎట్లా ఉంటాను? ఆయనే అడిగాడు. విని, స్పేరు బెంచీ మీద కూర్చున్నాడు. "పోనీలే, నా నీడ అడ్డం తొలిగింది," అన్నాడు. ఆ మాటలో ఊరటేమీ లేదు. ఆయన కూడా ఊరటకు అనలేదు.

కొత్త ముదీర్ ఈజిప్టు మనిషి. అతనికి వరస గురించి తెలిసింది ఒక్కటే, ఎవరు స్పేరులో ఉంటే వాళ్లను తగ్గించవచ్చు. అరవై దాటినవాడు స్పేరులో కనపడితే ఆలోచించే పని కూడా లేదు. ఖాదర్ వలీ సర్వీసు గురించి నేను చెప్పబోతే, "మీ పద్ధతి ప్రకారమే కదా?" అన్నాడు. మా పద్ధతి ప్రకారమే. ఖాదర్ వలీ రాయచోటి వెళ్లిపోయాడు. విమానాశ్రయానికి బాలిరెడ్డి తన బస్సులో తీసుకుపోయాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లు నన్ను అడిగేది, వరస ఉండాలా పోవాలా అని. ఉండాలనే చెబుతాను, సంతోషం లేకుండా చెబుతాను. మేనేజర్ల దయకన్నా అది మేలు. కానీ లైను పేరు పిలిచేటప్పుడు మీ ముందు నిలబడ్డవాళ్లలో ఎవరో ఒకరికి చెప్పుకోలేని కారణం ఉంటుంది. మీరు దాన్ని కనిపెట్టలేరు. కనిపెట్టినా నియమంలో దానికి చోటుండదు. చోటు ఇస్తే నియమం మిగలదు. ఇంతకన్నా నేను నేర్చుకున్నది లేదు.

నేను ఉద్యోగం మానుకుని ఊరికి వచ్చేశాక కూడా గంగులప్ప ఫోన్ చేస్తూనే ఉన్నాడు. జహ్రా వైపు మా కంపెనీకి లైను లేదు. అటు బస్సులు తిప్పే ఇంకో కంపెనీలో డ్రైవరు కావాలన్నారు. అక్కడ అతను మళ్లీ అడుగునుంచే మొదలుపెట్టాలి, దానికి సిద్ధమే. జహ్రాలో ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో అతనికి ఇంకా తెలియదు. ముందు లైను దొరికితే వెతుక్కుంటానంటున్నాడు. ఇఖామా మార్చుకోవడానికి మా కంపెనీ విడుదల, అంటే వేరే కంపెనీకి పోనిస్తున్నట్టు కాగితం, ఇవ్వాలి. అడిగితే ముదీర్ 'బుక్రా' అన్నాడు, అంటే రేపు. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట. వఫ్రా నడపడానికి ఇంకొకడు దొరికేదాకా వదలడని బాలిరెడ్డి అంటున్నాడు. వఫ్రా ఎవరికీ అక్కర్లేదు. ఇది రాసేనాటికి విడుదల రాలేదు.